పికప్‌లో పెట్రోలు ఆవిరి లీక్ కోడ్: పార్టులు మార్చే ముందు లీకు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

బండి ఎప్పటిలాగే నడుస్తోంది. లాగుడు తగ్గలేదు, మైలేజీ తగ్గలేదు, కొత్త శబ్దం ఏదీ లేదు. అయినా చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. స్కానర్ (బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే పరికరం) పెడితే పి0455 అనో, పి0442 అనో, పి0456 అనో చూపిస్తోంది. ఇవి పెట్రోలు ఆవిరి లీకుకు సంబంధించిన కోడ్‌లు. ఎవరిని అడిగినా "ట్యాంకు మూత మార్చు" అంటారు. మార్చినా లైటు మళ్లీ వెలిగితే "పర్జ్ వాల్వ్ మార్చు" అంటారు. ఆ తర్వాత "క్యానిస్టర్ పోయి ఉంటుంది" అంటారు. నా పాత పికప్‌తో నేనూ ఇదే దారిలో వెళ్లాను. రెండు మూతలు, ఒక వాల్వు, ఒక క్యానిస్టర్ మార్చాక తేలిందేమిటంటే, పెట్రోలు పోసే గొట్టం మీద మట్టి కింద తుప్పు పట్టి గుండుసూది మొనంత రంధ్రం పడింది. మార్చిన పార్టులన్నీ బాగానే ఉన్నవే. అందుకే ఈ పద్ధతి రాస్తున్నాను. ఇందులో ప్రతి మెట్టులోనూ ముందు పరీక్ష చేస్తాం, తర్వాతే పార్టు సంగతి.

ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ఆ కోడ్ ఏ పార్టు పాడైందో చెప్పదు. కంప్యూటర్ చేసిన ఒక పరీక్ష ఫెయిలైందని మాత్రమే చెబుతుంది. ఆ పరీక్ష ఏమిటో అర్థమైతే సగం పని అయినట్టే.

ఇదంతా పెట్రోలు పికప్‌ల గురించి. డీజిల్ అంత తేలిగ్గా ఆవిరి కాదు కాబట్టి డీజిల్ బండ్లలో మామూలుగా ఈ ఏర్పాటు ఉండదు.

ట్యాంకు ఊపిరి ఎలా తీసుకుంటుంది

పెట్రోలు ఎండకు వేడెక్కితే ఆవిరి పుడుతుంది, ట్యాంకులో ఒత్తిడి పెరుగుతుంది. చల్లబడితే ఒత్తిడి తగ్గి, ట్యాంకు బయటి గాలిని లోపలికి లాగుతుంది. ఒకప్పుడు ఈ ఆవిరి నేరుగా గాలిలో కలిసిపోయేది. అమెరికాలో 1971 మోడళ్ల నుంచి దాన్ని బండిలోనే పట్టి ఉంచాలన్న నిబంధన వచ్చింది. 1996 మోడళ్ల నుంచి కార్లు, చిన్న ట్రక్కులన్నిటిలో ఓబీడీ-2 (బండి తన లోపాలను తానే కనిపెట్టి కోడ్ పెట్టే ఏర్పాటు) తప్పనిసరి అయ్యాక, ఆవిరిని పట్టే ఏర్పాటు సరిగ్గా ఉందో లేదో బండి తనంతట తానే చూసుకోవడం మొదలైంది. మీ లైటు వెలగడానికి మూలం ఇదే.

ఏర్పాటు ఇలా ఉంటుంది. ట్యాంకులో పుట్టిన ఆవిరి ఒక గొట్టం గుండా బొగ్గు నింపిన డబ్బాలోకి వెళ్తుంది. దాన్నే చార్‌కోల్ క్యానిస్టర్ అంటారు. పికప్‌లలో ఇది చాలావరకు వెనక బెడ్డు (సరుకు వేసే తొట్టి) కింద, ట్యాంకు పక్కన ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. ఆవిరి ఆ బొగ్గుకు అంటుకుని నిలుస్తుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ముందు వైపున్న పర్జ్ వాల్వ్ తెరుచుకుంటుంది. ఇంజిన్ పీల్పుకు ఆ ఆవిరి మ్యానిఫోల్డు (ఇంజిన్‌కు గాలి అందించే గొట్టాలు) గుండా ఇంజిన్‌లోకి వెళ్లి కాలిపోతుంది. ఆ సమయంలో క్యానిస్టర్‌లోకి బయటి గాలి రావాలి కదా, ఆ దారిలో ఉండేది వెంట్ వాల్వ్. ఇక ట్యాంకు లోపలి ఒత్తిడిని కొలిచే సెన్సర్ ఒకటి.

ఈ రెండు వాల్వుల స్వభావం ఒకదానికొకటి తిరగేసి ఉంటుంది. కరెంటు లేనప్పుడు పర్జ్ వాల్వ్ మూసుకుని ఉంటుంది, వెంట్ వాల్వ్ తెరిచి ఉంటుంది. ఇది గుర్తుంటే కింద చెప్పే పరీక్షలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

కంప్యూటర్ చేసే పరీక్ష చాలా బండ్లలో ఇలా ఉంటుంది: వెంట్ మూస్తుంది, పర్జ్ కాస్త తెరుస్తుంది, ఇంజిన్ పీల్పుతో ట్యాంకులో కొద్దిపాటి వ్యాక్యూమ్ (బయటి గాలికంటే తక్కువ ఒత్తిడి) తెస్తుంది, తర్వాత పర్జ్ కూడా మూసి, ఆ వ్యాక్యూమ్ ఎంతసేపు నిలుస్తుందో చూస్తుంది. అసలు వ్యాక్యూమే రాకపోతే పెద్ద లీకు కోడ్ పెడుతుంది. వచ్చి నెమ్మదిగా పడిపోతే చిన్న లీకు అంటుంది.

అన్ని కంపెనీలదీ ఒకే పద్ధతి కాదు. చాలా డాడ్జ్ ర్యామ్ పికప్‌లలో ఇంజిన్ ఆపాక ట్యాంకు చల్లబడేటప్పుడు సహజంగా వచ్చే వ్యాక్యూమ్‌ను ఒక స్విచ్చు గమనిస్తుంది. చాలా టయోటా పికప్‌లలో బండి ఆపిన సుమారు ఐదు గంటల తర్వాత క్యానిస్టర్ దగ్గర చిన్న పంపు దానంతట అదే ఆన్ అయి పరీక్ష చేస్తుంది. అర్ధరాత్రి ఆపి ఉన్న బండి కింద సన్నగా మోత వినిపిస్తే కంగారు పడకండి, అది ఈ పంపే. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో పద్ధతి ఏదో ముందే చూసుకోండి.

కోడ్‌ను చదవండి, చెరిపేయకండి

స్కానర్ చేతిలో ఉండగానే కోడ్ చెరిపేయాలని చెయ్యి లాగుతుంది. ఆగండి. కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అనే సమాచారం ఉంటుంది. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ ఎంత వేడిగా ఉంది, బండి ఎంత వేగంలో ఉంది వంటివి అందులో నమోదై ఉంటాయి. కొన్ని బండ్లలో ట్యాంకులో పెట్రోలు మట్టం కూడా దొరుకుతుంది. చెరిపేస్తే ఇవన్నీ పోతాయి. ముందు ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి.

పి0455 పెద్ద లీకు. పి0442 చిన్న లీకు, అంటే సుమారు ఒక మిల్లీమీటరు రంధ్రం. పి0456 మరీ చిన్న లీకు, అర మిల్లీమీటరు. పి0457 మూత వదులుగా ఉందని గానీ అసలు లేదని గానీ సూచన. ఇది పెట్రోలు పోయించాక పడటం ఎక్కువ. పి0441 అంటే పర్జ్ ప్రవాహం ఉండాల్సినట్టు లేదు. పి0496 అంటే ప్రవాహం ఉండకూడని సమయంలో ఉంది, అంటే పర్జ్ వాల్వ్ పూర్తిగా మూసుకోవడం లేదేమోనని అనుమానించాలి. పి0443 పర్జ్ వాల్వ్ కరెంటు దారిలో తేడా. పి0446, పి0449 వెంట్ వైపు గొడవ. పి0451 నుంచి పి0453 దాకా ట్యాంకు ఒత్తిడి సెన్సర్‌వి.

ఒకటికి మించి కోడ్‌లుంటే కరెంటుకు సంబంధించినవి, సెన్సర్‌వి ముందు చూడండి. వెంట్ వాల్వ్ వైరు తెగి పి0449 పడితే, ఆ వాల్వు మూసుకోదు కాబట్టి పి0455 కూడా వెంట పడుతుంది. అప్పుడు రంధ్రం కోసం బండంతా గాలించడం వృథా.

బండి నడపొచ్చా అంటే, పెట్రోలు వాసన రాకుండా, కింద చుక్క పడకుండా ఉంటే నడపొచ్చు. వాసన గుప్పుమన్నా, తడి కనిపించినా బండి ఆపేయండి. అది ఇక ఆవిరి లీకు స్థాయిలో లేదు.

జాగ్రత్తలు

పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. నేలబారుగా పాకుతుంది, గుంటల్లో నిలుస్తుంది. దూరంగా ఉన్న నిప్పురవ్వ దగ్గరికి కూడా వెళ్లగలదు. పని ఆరుబయట గానీ, తలుపులు తెరిచిన షెడ్డులో గానీ చేయండి. సిగరెట్టు, గీజరు మంట, గ్రైండరు ఏవీ దగ్గర్లో ఉండకూడదు. మంటలార్పే సిలిండరు చేతికందేలా పెట్టుకోండి. బండి కిందికి దూరే ముందు స్టాండ్లు వేయండి, ఒక్క జాకీని నమ్మకండి.

ఇంకొకటి, దీన్ని గట్టిగానే చెబుతున్నాను. టైర్లకు గాలి పట్టే కంప్రెసర్‌ను ఈ ఏర్పాటుకు ఎప్పుడూ తగిలించకండి. ఈ గొట్టాలు, ట్యాంకు ఒక్క పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి ఒక పౌండు) లోపు ఒత్తిడికి తయారైనవి. కంప్రెసర్ గాలి ట్యాంకును ఉబ్బించి పగలగొట్టగలదు. పైగా ఆవిరితో గాలి కలిస్తే పేలుడుకు కావలసిన మిశ్రమం తయారవుతుంది.

బండి ఇచ్చే ఆనవాళ్లు

పనిముట్లు తీసే ముందు మీకు మీరే మూడు ప్రశ్నలు వేసుకోండి.

పెట్రోలు పోయించిన వెంటనే బండి స్టార్ట్ కావడానికి మొరాయిస్తోందా, స్టార్ట్ అయినా కాసేపు ఇంజిన్ తడబడుతోందా? అలాగైతే పర్జ్ వాల్వ్ తెరుచుకునే ఉండిపోయిందేమో. ట్యాంకు నింపేటప్పుడు వచ్చే ఆవిరంతా నేరుగా ఇంజిన్‌లోకి వెళ్తోంది.

పెట్రోలు పోసేటప్పుడు పంపు ముక్కు పదేపదే టక్కున ఆగిపోతోందా? వెంట్ వైపు దారి మూసుకుపోయి ఉండొచ్చు. ట్యాంకులోని గాలికి బయటికి వెళ్లే దారి లేదు.

పంపు ఆగాక కూడా ఇంకొంచెం, ఇంకొంచెం అని నింపే అలవాటు ఉందా? ఆ అలవాటుతో ద్రవ పెట్రోలు క్యానిస్టర్‌లోకి చేరి బొగ్గును పాడుచేస్తుంది. పంపు ఒకసారి ఆగితే అక్కడికి ఆపేయాలి. నింపినకొద్దీ లాభం అనుకుంటాం గానీ, ఆ కాస్త పెట్రోలుకు ఒక క్యానిస్టర్‌ను బలి ఇస్తున్నాం.

మూత, దాని కింద గొట్టం

మూతతోనే మొదలుపెట్టండి, కానీ కొత్తది కొనడంతో కాదు, ఉన్నదాన్ని చూడటంతో. లోపలి రబ్బరు వాషరును వేలితో కొద్దిగా వంచి చూడండి. పగుళ్లు, చదునైపోయిన చోటు, గట్టిపడిన రబ్బరు ఉంటే మూత మార్చాల్సిందే. వాషరు బాగుంటే మెత్తటి గుడ్డతో దాన్ని, అది ఆనుకునే గొట్టం అంచును తుడవండి. ఆ అంచు మీద గీతలు, తుప్పు పొక్కులు ఉంటే కొత్త మూత కూడా ఆనదు. మార్చేటప్పుడు మీ మోడల్‌కు సరిపడే అసలు మూతే తీసుకోండి. అందరికీ సరిపోతుందని అమ్మే మూతలు బిగుతుగా కూర్చున్నట్టే కనిపించి కొద్దిగా ఆవిరి వదలడం నేను చూశాను. మూత లేకుండా, పంపు ముక్కు పెడితే తెరుచుకునే రకం బండైతే, ఆ రెక్క పూర్తిగా మూసుకుంటోందా, దాని దగ్గర మట్టి గానీ పుల్ల గానీ ఇరుక్కుందా చూడండి.

ఇప్పుడు చాలామంది వదిలేసే చోటు: మూత కింది నుంచి ట్యాంకు దాకా వెళ్లే గొట్టం. పికప్‌లో ఇది బెడ్డు పక్క రేకుకూ చక్రం గూడుకూ మధ్యగా పోతుంది. వెనక చక్రం చిమ్మే బురదంతా దీని మీదే పడుతుంది. ఇనుప గొట్టమైతే, రోడ్ల మీద ఉప్పు చల్లే చలి ప్రాంతాల్లో త్వరగా తుప్పు పడుతుంది. తుప్పు మీకు కనిపించే పక్క పట్టదు. బిగించిన పట్టీ కింద, ప్లాస్టిక్ కవచం వెనక, మట్టి నిలిచే పైభాగంలో పడుతుంది. వెనక చక్రం విప్పి, లోపలి కవచం తీసి, వైరు బ్రష్షు కాకుండా తడి గుడ్డతో మట్టి తుడిచి, టార్చి వేసి చూడండి. వేలితో తడిమితే పొరలు పొరలుగా ఊడొస్తుంటే మీకు కావలసింది దొరికినట్టే. గొట్టం ట్యాంకుకు కలిసే చోట రబ్బరు ముక్క ఉంటుంది. దాన్ని వంచి పగుళ్లు చూడండి, రెండు క్లిప్పులూ గట్టిగా ఉన్నాయా చూడండి.

పర్జ్ వాల్వ్ పరీక్ష

ఇంజిన్ మీద, ఇన్‌టేక్ మ్యానిఫోల్డు దగ్గర రెండు గొట్టాలు, రెండు పిన్నుల ప్లగ్గు ఉన్న చిన్న వాల్వు ఇది. ప్లగ్గు ఊడదీయండి. ట్యాంకు వైపు నుంచి వచ్చే గొట్టాన్ని వాల్వు నుంచి తీసి, ఇంజిన్ స్టార్ట్ చేసి, వాల్వు నోటి మీద వేలు పెట్టండి. పీల్పు ఏమీ ఉండకూడదు. కరెంటు లేనప్పుడు అది మూసుకుని ఉండాలి కదా. వేలిని లాగుతుంటే వాల్వు మూసుకోవడం లేదు, దాన్ని మార్చాలి. ప్లగ్గు పెట్టి ఉంచి ఈ పరీక్ష చేయకండి. ఇంజిన్ వేడెక్కాక కంప్యూటరే దాన్ని టిక్ టిక్ మని తెరిచి మూస్తుంటుంది, అది మామూలే. ప్లగ్గు తీసినందుకు పి0443 పడొచ్చు, చివర్లో చెరిపేస్తాం.

తర్వాత వాల్వును విప్పి బండికి దూరంగా బల్ల మీద పెట్టి, ఫ్యూజు ఉన్న వైరుతో 12 వోల్టులు ఇవ్వండి. టక్కున శబ్దం రావాలి, ఊదితే గాలి పోవాలి. కరెంటు తీసేస్తే ఆగాలి. శబ్దం వచ్చినంత మాత్రాన సరిపోదు, గాలి పోవడమే ముఖ్యం. నోటితో ఊదండి గానీ పీల్చకండి. వాల్వు నోట్లో నల్లటి గింజలు కనిపిస్తే ఆ బొగ్గు క్యానిస్టర్ నుంచి వచ్చింది. అప్పుడు వాల్వు ఒక్కటే మారిస్తే కొత్తది కూడా అలాగే నిండిపోతుంది. క్యానిస్టర్ మార్చాలి, మధ్య గొట్టం కూడా విడిగా తీసి శుభ్రం చేయాలి.

వాల్వు తెరుచుకోకుండా బిగుసుకుపోతే ఏమవుతుందో చూడండి. ట్యాంకులో వ్యాక్యూమ్ రాదు. కంప్యూటర్‌కు అది పెద్ద రంధ్రంలాగే కనిపిస్తుంది. ఒక్క చుక్క ఆవిరి కూడా కారని బండిలో పి0455 పడటానికి ఇదొక కారణం. టర్బో ఇంజిన్లలో పర్జ్ దారిలో చెక్ వాల్వులు కూడా ఉంటాయి, ఒకవైపు ఊదితే పోయి, రెండోవైపు ఆగాలి.

వెంట్ వాల్వ్: పికప్‌ల బలహీనత

కారులో కంటే పికప్‌లో ఇది ఎక్కువ కష్టపడుతుంది. బెడ్డు కింద, దుమ్ము మేఘం మధ్యలో ఉంటుంది. మట్టి రోడ్ల మీద, పొలాల్లో, నిర్మాణ స్థలాల్లో తిరిగే బండైతే ముందు దీన్నే అనుమానిస్తాను. వాల్వు ఆనుకుని మూసుకునే అంచు మీద సన్నటి దుమ్ము పేరుకుని అది పూర్తిగా మూసుకోదు. లేదా ఫిల్టర్ నిండిపోయి గాలి దారి మూసుకుపోతుంది. సాలీళ్లు గూడు కట్టడం కూడా మామూలే.

ప్లగ్గు తీసి పిన్నులు చూడండి. పచ్చటి చిలుము కనిపిస్తే కరెంటు సరిగ్గా అందడం లేదు. చాలా బండ్లలో ఇగ్నిషన్ ఆన్ చేస్తే ఒక వైరులో బ్యాటరీ వోల్టేజి వస్తుంది, రెండోదాన్ని కంప్యూటర్ గ్రౌండ్ చేస్తుంది. మీటరుతో ఆ వోల్టేజి ఉందో లేదో చూడండి. తర్వాత వాల్వును విప్పి, దూరంగా తీసుకెళ్లి, కరెంటు ఇవ్వకుండా ఊదండి. గాలి సాఫీగా పోవాలి. కరెంటు ఇచ్చి ఊదండి. పూర్తిగా ఆగాలి. సన్నగా సుయ్ మంటున్నా అది లీకే, కంప్యూటర్ వెతికేది ఆ మాత్రం లీకునే. ట్యాంకు పక్కన నిప్పురవ్వ రాకూడదు కాబట్టే దూరంగా తీసుకెళ్లమంటున్నాను.

కొత్త వాల్వు వేస్తుంటే దాని గాలి పీల్చే గొట్టం చివర ఎక్కడుందో చూడండి. దాన్ని ఇంకాస్త ఎత్తుకు, దుమ్ము తక్కువ తగిలే చోటికి మార్చే వీలు కొన్ని మోడళ్లలో ఉంటుంది. ఆ వీలుంటే వదులుకోకండి.

సెన్సర్‌ను చూస్తూ కంప్యూటర్ పరీక్షను మనమే చేయడం

రెండు వైపులా మాట్లాడే స్కానర్, అంటే కోడ్ చదవడమే కాకుండా వాల్వులకు ఆదేశాలు కూడా ఇవ్వగలిగేది, దొరికితే ఈ మెట్టు చాలా విలువైనది.

మొదట మూత తీసి, ట్యాంకు ఒత్తిడి ఎంత చూపిస్తోందో చూడండి. బయటి గాలికి తెరిచి ఉంది కాబట్టి సున్నాకు దగ్గరగా ఉండాలి. అలా లేకపోతే సెన్సర్ గానీ దాని వైరు గానీ తప్పు, లీకు వెతకడం అక్కడితో ఆపేసి ముందు దాన్ని సరిచేయండి.

సరిగ్గా ఉంటే మూత బిగించండి. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా వెంట్ మూయమని ఆదేశించి, పర్జ్‌ను కొద్దిగా తెరవండి. ఒత్తిడి అంకె మైనస్‌లోకి దిగాలి. నీటి అంగుళాల్లో (స్కానర్ ఈ చిన్న ఒత్తిడిని చూపించే కొలత) పది దాటనివ్వకండి, ట్యాంకు లోపలికి నొక్కుకుపోయే ప్రమాదం ఉంది. అంకె దిగాక పర్జ్ మూసి, అంకె ఎంతసేపు నిలుస్తుందో చూడండి.

అంకె అసలు దిగకపోతే వెంట్ వాల్వు బయటి గొట్టాన్ని చేత్తో గట్టిగా మూసి మళ్లీ ప్రయత్నించండి. ఇప్పుడు దిగితే దోషి వెంట్ వాల్వే. అప్పటికీ దిగకపోతే, క్యానిస్టర్ దగ్గర పర్జ్ గొట్టం తీసి పీల్పు అక్కడిదాకా వస్తోందో లేదో చూడండి. రాకపోతే తేడా ముందువైపు, వస్తే వెనకవైపు. ఈ ఒక్క పరీక్ష పొడవాటి బండిని సగానికి కోసినట్టు చేస్తుంది. ఛాసిస్ పొడవునా పోయే ఆ గొట్టం క్లిప్పుల దగ్గర ఒరుసుకుపోవడం, హిచ్ (ట్రెయిలర్ తగిలించే కొక్కెం) బిగించినవాళ్లు దాన్ని నొక్కేయడం, ఎలుకలు కొరకడం నేను చూసినవే.

అంకె దిగి, నెమ్మదిగా పైకి వస్తుంటే చిన్న లీకు. అయితే ఒక హెచ్చరిక: బండి ఇప్పుడే తిరిగి వచ్చి పెట్రోలు వేడిగా, కదిలి ఉంటే అందులోంచి పుట్టే ఆవిరే వ్యాక్యూమ్‌ను పడగొడుతుంది. లీకు లేకున్నా ఉన్నట్టు కనిపిస్తుంది. రాత్రంతా ఆగిన బండి మీద ఉదయం పూట చేయండి.

పొగ పరీక్ష

ఇక్కడికి వచ్చాక కూడా దొరక్కపోతే పొగే దిక్కు. నిజానికి పి0456 వస్తే నేను మూత చూసి నేరుగా ఇక్కడికే వస్తాను. అర మిల్లీమీటరు రంధ్రం కంటికి కనిపించదు, చెవికి వినిపించదు.

స్మోక్ మెషిన్ మినరల్ ఆయిల్‌ను వేడిచేసి పొగ పుట్టించి, ఒక పి.ఎస్.ఐ. లోపు ఒత్తిడితో గొట్టాల్లోకి పంపుతుంది. ఈ ఏర్పాటు కోసం ఉద్దేశించిన మెషినే వాడండి, గాలికి బదులు నైట్రోజన్‌తో పనిచేసేదైతే మరీ మంచిది. పెయింటు డబ్బాలో హీటరు పెట్టి ఇంట్లో తయారుచేసుకునే పద్ధతులు కనిపిస్తుంటాయి. పెట్రోలు ట్యాంకుకు వాటిని కలపొద్దు. మెషిన్ అద్దెకు దొరక్కపోతే ఈ ఒక్క పరీక్షకు వర్క్‌షాపుకు వెళ్లండి. "స్మోక్ టెస్ట్ చేసి లీకు చోటు నాకు చూపించండి" అని అడగండి, "లైటు పోగొట్టండి" అని కాదు. ఆ రెండు మాటలకూ వచ్చే బిల్లు వేరుగా ఉంటుంది.

చేసే విధానం ఇది. ట్యాంకులో పెట్రోలు పావు నుంచి ముప్పావు మధ్య ఉండాలి. ఇంజిన్ ఆపి ఉండాలి. పర్జ్ వాల్వు దగ్గర ట్యాంకు వైపు గొట్టానికి మెషిన్ తగిలించండి. కొన్ని బండ్లలో పచ్చ మూత ఉన్న సర్వీస్ పోర్టు ఉంటుంది, అది ఉంటే ఇంకా సులువు. వెంట్‌ను స్కానర్‌తో మూయండి, లేదా దాని బయటి గొట్టానికి బిరడా పెట్టండి. ట్యాంకు మూతను మాత్రం మొదట తెరిచి ఉంచండి. లోపలి గాలి బయటికి పోయి, మూతి దగ్గర పొగ చిక్కగా వచ్చేదాకా ఆగి, అప్పుడు బిగించండి. ఇలా చేయకపోతే పొగ చివరిదాకా చేరదు, లీకు లేదని పొరబడతారు. ట్యాంకు ఖాళీగా ఉన్నకొద్దీ నిండటానికి ఎక్కువసేపు పడుతుంది.

ఇక మెషిన్ మీది ఫ్లో మీటరు చూడండి. బంతి అడుగుకు పడిపోతే అప్పటికి లీకు లేనట్టు. తేలుతుంటే ఎక్కడో పోతోంది. ఫ్యాన్ ఆపి, గాలి విసురు లేకుండా చూసుకుని, గట్టి టార్చి పక్కవాటుగా వేస్తూ వెతకండి. ఎదురుగా వేస్తే సన్నటి పొగ కనిపించదు. తొందరపడకండి. చిన్న రంధ్రం నుంచి పొగ తీగలాగా, ఆగి ఆగి వస్తుంది. మూత చుట్టూ, గొట్టం పట్టీల కింద, క్యానిస్టర్ అతుకుల మీద, ప్లాస్టిక్ గొట్టాలు టక్కున బిగిసే జాయింట్ల దగ్గర, వెంట్ వాల్వు నోట్లో చూడండి. వెంట్‌ను స్కానర్‌తో మూసినా దాని నోట్లోంచి పొగ వస్తుంటే మరో ఆలోచన అక్కర్లేదు.

బెడ్డు కిందనుంచి, ట్యాంకు పైనుంచి పొగ లేస్తుంటే ట్యాంకు లోపల ఉండే పెట్రోలు పంపు మూత దగ్గరి ఓ-రింగ్‌ను (గుండ్రటి రబ్బరు రింగు) అనుమానించండి, ముఖ్యంగా ఆ పంపు ఈమధ్యే మార్చి ఉంటే. పాత ఓ-రింగ్‌నే మళ్లీ వాడటం, అది మడతపడటం, లాక్ రింగు పూర్తిగా తిరగకపోవడం తరచూ జరిగేవి. ఇక్కడ పికప్ ఉన్నవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. ట్యాంకు దించక్కర్లేదు. బెడ్డు బోల్టులు విప్పి, వెనక లైట్ల వైర్లు, గ్రౌండ్ వైరు, పెట్రోలు గొట్టం మూతి దగ్గరి స్క్రూలు తీసి, నలుగురు పట్టుకుంటే బెడ్డు పైకి లేస్తుంది. ట్యాంకు పైభాగమంతా పగటి వెలుగులో కనిపిస్తుంది. తుప్పు పట్టిన బోల్టులకు ముందురోజే నూనె పట్టించి ఉంచండి.

బాగుచేశాక

పాడైన పార్టు మార్చాక మెషిన్ ఇంకా తగిలించే ఉంటే పొగ మరోసారి పెట్టండి. ఒక లీకు మూస్తే రెండోది బయటపడటం పాత బండ్లలో మామూలే. ఫ్లో మీటరు బంతి అడుగున నిలిచాకే పని అయినట్టు లెక్క.

తర్వాత కోడ్‌లు చెరిపేయండి. చెరిపేశాక లైటు వెలగలేదంటే బాగైపోయినట్టు కాదు, కంప్యూటర్ ఇంకా పరీక్షే చేయలేదేమో. స్కానర్‌లో ఆవిరి మానిటర్ (అంటే కంప్యూటర్ చేసే ఆవిరి పరీక్ష) 'పూర్తయింది' అని చూపించాలి. దానికి బండి కొన్ని షరతులు పెడుతుంది. పెట్రోలు సుమారు 15 నుంచి 85 శాతం మధ్య ఉండాలి. బండి రాత్రంతా ఆగి చల్లబడి, స్టార్ట్ చేసేటప్పుడు ఇంజిన్ వేడి, బయటి గాలి వేడి దాదాపు సమానంగా ఉండాలి. మరీ చలిలో, మరీ ఎండలో పరీక్ష మొదలే కాదు. అందుకే కొందరికి లైటు వారాల తర్వాత తిరిగి వెలుగుతుంది. ట్యాంకు సగం నింపి, రాత్రి ఆపి, ఉదయం చల్లటి ఇంజిన్‌తో బయల్దేరి కాసేపు ఊళ్లో, కాసేపు హైవే మీద నిలకడగా నడపండి. రెండు మూడు రోజులు ఇలా చేస్తే చాలా బండ్లలో మానిటర్ పూర్తవుతుంది. బండి కాలుష్య తనిఖీకి వెళ్లాల్సి ఉంటే మానిటర్ పూర్తయ్యాకే వెళ్లండి, లేకపోతే 'సిద్ధంగా లేదు' అని తిప్పి పంపే అవకాశం ఉంది.

చెరిపేయకుండా వదిలేసినా, పరీక్ష వరసగా మూడు డ్రైవ్‌లలో పాసైతే లైటు దానంతట అదే ఆరిపోతుంది. కోడ్ మాత్రం ఇంకొన్నాళ్లు జ్ఞాపకంలో ఉంటుంది. సాధారణంగా ఇంజిన్ నలభై సార్లు చల్లబడి వేడెక్కేదాకా. ఈలోగా ఎవరైనా స్కానర్ పెట్టి పాత కోడ్ చూపిస్తే, అది ఇప్పటిదా అప్పటిదా అని ముందు అడగండి.